ఎక్కడ నిలబడి చూడాలి

బుధవారం ఉదయానికి కూడా ఫిలిపె కంచం బోర్లించినట్టే ఉంది.

తీసి అలమరలో పెట్టేద్దామా అనుకుని, లోపేటి దాన్ని అక్కడే వదిలేశాడు. తీసేస్తే కొడుకు ఇక ఈ ఇంట్లో తినడని తామే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఉంచితే పూటపూటా కంటికి తగులుతుంది. డెబ్బై రెండేళ్ళ వయసులో కంచం ఎక్కడ ఉండాలన్నది కూడా ఆలోచించి తేల్చుకోవలసి రావడం అతనికి అలసటగా ఉంది.

లవీనియా వంటపాకలోంచి ఉడికిన పెండలం ముక్కలు తెచ్చి తండ్రి ముందు పెట్టింది. తను పెట్టుకోలేదు. గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడి, పెరట్లో తిరుగుతున్న పందిపిల్లల్ని చూస్తోంది.

ఈరోజు కూడా బడికి వెళ్ళవా అని అడిగాడు. సెలవు పెట్టానంది.

“ఇన్ని రోజులు సెలవిస్తారా?”

“పిల్లలు అడుగుతున్నారు నాన్నా. మూడో తరగతి పిల్లలు. ఆ డీజిలు చొక్కా ఆయన ఎవరు టీచర్ అని.”

లోపేటి పెండలం ముక్క తుంచి, కొబ్బరిపాలలో ముంచి, నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు సరిగ్గా పడింది. ఇంత గొడవలోనూ ఈ పిల్ల చేతికి ఉప్పు లెక్క తప్పలేదు. అదొక్కటీ బాగుందనుకున్నాడు.

పోయిన గురువారం సాయంత్రం ఈ గదిలోనే కొత్త చాపలు పరిచారు. కథల పోటీలో లవీనియాకు రెండో బహుమతి వచ్చింది. ఆమె గొంతుతోనే ఆ కథను రేడియోలో వేస్తారన్నారు. చెల్లెలి గొంతు వినిపిద్దామని ఫిలిపె తన పడవ మీద పనిచేసే ఆరుగురినీ పిలుచుకొచ్చాడు. అందరూ స్నానాలు చేసి, మర్యాదకు నడుములకు చుట్టుకునే అల్లిక చాపల్లో మంచివి కట్టుకుని వచ్చారు. కావా వేరు పానీయం నింపిన గిన్నె మధ్యలో పెట్టుకుని రేడియో చుట్టూ కూర్చున్నారు.

మొదటి నిమిషం బాగానే గడిచింది. వవావు దీవి నుంచి రాజధానికి చదువుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి కథ అది. “నేను” అని చెబుతోంది. రెండో నిమిషంలో ఆ నేను, శుక్రవారాల్లో రేవుకు వెళ్ళి, పడవ మీద తాళ్ళు విసిరే ఒకతని కోసం ఎదురుచూసింది. మూడో నిమిషంలో అతని చొక్కాకు ఉండే డీజిలు వాసన గురించి చెప్పింది. రాత్రి తన జుట్టులో అదే వాసన వేసిందంది.

ఫిలిపె లేచాడు. రేడియో కట్టెయ్యలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. తల వంచుకుని బయటికి నడిచాడు. ఆరుగురూ అతని వెనకే లేచారు. చెప్పులు ఎవరివి ఎవరు వేసుకున్నారో కూడా చూసుకోలేదు. రేడియోలో లవీనియా గొంతు చెప్పుకుంటూ పోతూనే ఉంది. గదిలో తండ్రీ కూతురూ మిగిలారు.

అన్నాచెల్లెళ్ళు ఒక కప్పు కింద కూర్చుని వినే మాటలు కావవి. ముక్కుపచ్చలారని పిల్లలకు కూడా ఆ దీవిలో ఆ సంగతి తెలుసు. ముప్పై ఏళ్ళు కళాశాలలో కథలు బోధించిన లోపేటికి మాత్రం ఆ సాయంత్రం దాకా గుర్తు రాలేదు.

ఆనాటి నుంచి ఫిలిపె రేవులోని పడవల షెడ్డులో పడుకుంటున్నాడు. కానీ తెల్లవారేసరికి వంటపాక పక్కన రోజుకొక మోపు కట్టెలు, చీల్చి, పేర్చి ఉంటున్నాయి. ఎవరూ చూడకముందే తెచ్చి పెట్టి పోతున్నాడు. లవీనియా వాటినే వాడుతోంది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు.

“ఒక్క మార్పు చేస్తే సరిపోతుందమ్మా,” అన్నాడు లోపేటి. ఈ మాట అతను అనడం ఇది మూడోసారి. “నేను అన్నచోటల్లా ఆమె అని రాయి. ఎవరో ఒకామె. మీ అన్నయ్యకు కావలసిందీ అంతే అయ్యుంటుంది. శుక్రవారం లోపల మార్చి పంపితే పోటీ కథల పుస్తకంలో అలాగే అచ్చేస్తారు. చదివినవాళ్ళు అదే అసలు కథ అనుకుంటారు.”

“కుదరదు నాన్నా.”

“ఎందుకు కుదరదు?”

ఆమె పెరట్లోకి చూస్తూనే ఉంది.

పుస్తకంలోంచి తన పేరు తీసేయమంటే తీసేస్తానంది. కథ మొత్తం వెనక్కి తీసుకోమన్నా తీసుకుంటానంది. ఉద్యోగం మానేసి వవావులో అమ్మ తరఫు వాళ్ళ దగ్గరికి వెళ్ళిపొమ్మన్నా వెళ్తానంది. ఒకదాని తర్వాత ఒకటి, గొంతు పెంచకుండా చెప్పింది.

“ఆమె అని మాత్రం రాయను.”

ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ పిల్ల తండ్రికి ఎదురు చెప్పింది లేదు. ఇంత చిన్న మార్పుకు ఇంత మొండితనం ఎందుకో లోపేటికి అంతుపట్టలేదు. కథ పారేసుకుంటుందట, ఊరు వదిలిపోతుందట, కానీ ఆ ఒక్క మార్పు చెయ్యదట.

“అది నీ సంగతి కాదని నాకు తెలుసమ్మా,” అన్నాడు మెల్లగా.

లవీనియా అప్పుడు తలతిప్పి తండ్రిని చూసింది. ఆ చూపు కాస్త ఎక్కువసేపే ఉంది.

“మీకెలా తెలుసు?”

“నిన్నెరుగుదును కనక.”

ఆమె ముఖంలో ఏదో సడలింది. భయం తీరినట్టు అనిపించింది అతనికి. దేనికి భయమో తెలియలేదు. ఆమె అతని ఖాళీ కంచం తీసుకుని వంటపాకలోకి వెళ్ళిపోయింది.

ఇందులో తన తప్పే ఎక్కువని లోపేటికి తెలుసు. నాలుగు నెలల కిందట కథ రాశాను, చూస్తారా అని కూతురు అడిగినప్పుడు, కాగితాలు చేతిలోకి తీసుకోకముందే అతను ఎవరు చెబుతున్నారు అని అడిగాడు. ఎవరూ చెప్పడం లేదు, ఆమె అని రాశాను అంది. అయితే తీసుకెళ్ళి నేను అని మార్చి తీసుకురా, అప్పుడు చదువుతాను అన్నాడు. మొదటి కథ రాసిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ అతను ముప్పై ఏళ్ళు చెప్పిన మాటే అది. లవీనియా రెండు రోజులు కాగితాల జోలికి పోలేదు. మూడో రోజు కూర్చుని మార్చింది. ఆ తర్వాత అతను నాలుగుసార్లు చదివాడు. ఎర్ర పెన్సిలు పెట్టవలసిన చోట్లు రెండే కనిపించాయి.

కళాశాలలో ప్రతి ఏడాదీ అతను చెప్పే పాఠం ఒకటుండేది. పోయిన పంది కథ. ముందు పంది పోగొట్టుకున్నవాడి నోట చెప్పేవాడు. పిల్లలందరూ దొంగను జైల్లో వెయ్యమనేవారు. తర్వాత అదే కథ దొంగ నోట చెప్పేవాడు. తండ్రి చనిపోతే వచ్చిన చుట్టాలకు పెట్టడానికి ఇంట్లో ఏమీ లేక పట్టుకెళ్ళినవాడు. పిల్లలు తలలు దించుకునేవారు. వదిలెయ్యండి సార్, పందే కదా అనేవారు. మూడోసారి ఎవరి వైపూ కాకుండా, గుట్ట మీద నిలబడి చూసినవాడిలా చెప్పేవాడు. అప్పుడెవరికీ ఏమీ అనిపించేది కాదు. వెనక బల్లలవాళ్ళు ఆవులించేవారు. చూశారా, దూరం పోతే చల్లారిపోతుంది అని చెప్పి గంట కొట్టేలోపు పాఠం ముగించేవాడు.

గుట్ట మీదివాడికి కనిపించి, ఆ ఇద్దరికీ కనిపించనిది ఏదైనా ఉందా అని ఏ పిల్లవాడూ అడగలేదు. అతనూ అనుకోలేదు.

*

మధ్యాహ్నం బస్సెక్కి రేవుకు వెళ్ళాడు. ఫిలిపె పడవ అడుగు గదిలో ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. తండ్రి వచ్చాడని పైనుంచి ఎవరో కేకేస్తే, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం గీసుకోలేదు. తండ్రిని నీడలో కూర్చోబెట్టి, ఎవరి దగ్గరో లేత కొబ్బరిబోండం అడిగి తెచ్చి, కొట్టి చేతికిచ్చాడు.

చాలాసేపు ఇంజను గురించి మాట్లాడుకున్నారు. ఒక కవాటం అరిగిందట. కొత్తది వచ్చేదాకా పాతదాన్నే సానపట్టి నడపాలట.

“ఇంటికి రారా,” అన్నాడు చివరికి లోపేటి.

ఫిలిపె గుడ్డను మడతలు పెట్టాడు.

“నా కింద ఆరుగురున్నారు నాన్నా. ఐదుగురు నాతో కళ్ళు కలపడం లేదు. ఆరోవాడు మరీ కలుపుతున్నాడు. అందుకని కథలోవాడు వాడే అయ్యుంటాడని రేవంతా అంటున్నారు. ఆరోవాడు ఎవరనుకున్నారు, మన వైసే ముసలాయన. అరవై ఏళ్ళు. నలుగురు మనవలు. పాపం నిన్న చర్చికి వెళ్ళి పాదిరి ముందు ఒట్టు పెట్టొచ్చాడు.”

లోపేటికి నవ్వు వచ్చింది. ఫిలిపెకీ రాబోయింది కానీ ఆపుకున్నాడు.

“కథరా అది.”

“కథే. నాకూ తెలుసు. నేను అన్నంత మాత్రాన రాసినవాళ్ళే అనుకోకూడదని మీరు నాక్కూడా పాఠం చెప్పారు. అది తరగతి గదిలో నాన్నా. ఆ నేను అన్నది నా చెల్లెలి గొంతు. చిన్నప్పటి నుంచి నేను వింటున్న గొంతు. దాన్ని వేరేవాళ్ళది అనుకోమంటే ఎలా అనుకోను?”

“నువ్వు చివరిదాకా వినలేదు.”

“ఎలా వింటాను?”

లోపేటి బోండం ఖాళీ చేసి పక్కన పెట్టాడు. ఎవరో ఒకామె అని మారిస్తే వింటావా అని అడిగాడు.

“వింటాను. ఇంట్లోకి రాకపోయినా మెట్ల మీద కూచుని వింటాను. అది చెల్లి కాదని నలుగురికీ తెలిస్తే చాలు. ఇంకెవరైనా నాకు ఫరవాలేదు.” కొంచెం ఆగి అన్నాడు. “మారుస్తుందా?”

“మార్చనంటోంది.”

ఫిలిపె ముఖం నల్లబడింది. మార్చననడంలోనే జవాబుందని అతను అనుకుంటున్నట్టు లోపేటికి అర్థమైంది. కాదురా అని చెప్పడానికి తన దగ్గర ఏ కారణమూ లేదు.

వచ్చేటప్పుడు కొడుకు రెండు చేపలు ఆకులో చుట్టి చేతికిచ్చాడు. చెల్లికివ్వండి, నేనిచ్చానని చెప్పకండి అన్నాడు. బస్సులో ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే లోపేటికి కాస్త ప్రాణం లేచొచ్చింది. చేపలు పంపినవాడు పూర్తిగా తెంచుకున్నవాడు కాదు.

*

ఇంటికి వచ్చేసరికి లవీనియా లేదు. చర్చి ఆడవాళ్ళతో కలిసి చెట్టు బెరడును కొట్టి నారబట్ట చెయ్యడానికి వెళ్ళింది. నాలుగిళ్ళ అవతలి నుంచి చెక్కసుత్తుల చప్పుడు వస్తోంది. ఆ చప్పుడులో మాటలు వినిపించవు. అందుకే వెళ్ళిందేమో.

లోపేటి కళ్ళజోడు తుడుచుకుని బల్ల ముందు కూర్చున్నాడు. కూతురు చెయ్యనన్న పని తనే చేసి చూద్దామనుకున్నాడు. ఎంతసేపు పడుతుంది, ఏడు పేజీలు. సాయంత్రానికి రాసి ఇస్తే, చదివి, ఇంతేనా అని ఆమే ఒప్పుకుంటుంది.

ఆమె రేవు చివర నిలబడింది, అని రాశాడు.

రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. నేను అని చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి కళ్ళలోంచే అన్నీ కనిపించాయి. నీళ్ళు, పడవ పొగ, విసిరిన తాడు, దాన్ని పట్టుకున్న చెయ్యి. ఇప్పుడు ఆమెనే చూడాలి. చూడాలంటే ఎక్కడో ఒకచోట నిలబడాలి. పడవ మీద నిలబడితే అది ఆ తాళ్ళు విసిరేవాడి కథ అవుతుంది. మరెక్కడ?

తన పడుచు రోజుల్లో రేవు పక్కన ఎండుకొబ్బరి నిలవచేసే పాత గిడ్డంగి ఒకటుండేది. దాని గోడ నీడలో నిలబడి చూసినట్టు రాద్దామనుకున్నాడు. అక్కడి నుంచి రేవు చివర బాగా కనిపిస్తుంది. రాశాడు. అక్కడి నుంచి పెన్ను తడుముకోలేదు.

ఆమె నడుముచాప తాడు విప్పి మళ్ళీ కట్టుకుంటోంది. మూడుసార్లు విప్పి కట్టింది. ఎడమ పాదం మీద కుడి పాదం మోపి, కొంగలా నిలబడింది. పడవ దూరంగా కనిపించగానే రెండు పాదాలూ నేల మీద పెట్టి, జుట్టు సర్దుకుంది.

పేజీ నిండాక మొదటి నుంచి చదువుకున్నాడు. కూతురి కాగితాలు పక్కన పెట్టుకుని పోల్చి చూశాడు. నడుముచాప తాడు సంగతి కూతురు రాయలేదు. కొంగలా నిలబడడమూ రాయలేదు. తన కాళ్ళు తనకెలా కనిపిస్తాయి, నేను అని చెప్పేవాళ్ళకు?

మరి ఇవి ఎక్కడివి?

లోపేటి పెన్ను కింద పెట్టాడు. సుత్తుల చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

పొయ్యి ముందు నిలబడినా, చర్చిలో పాటకు లేచినా, ఆసుపత్రి మంచం దిగి మందుల కోసం వరసలో నిలబడినా, ఎడమ పాదం మీద కుడి పాదం మోపి నిలబడే మనిషి అతనికి ఒకతే తెలుసు. అకనేసి. అతని భార్య. పోయి రెండేళ్ళయింది. చివరి మూడు నెలలూ తల్లి పక్కన చాప వేసుకుని పడుకున్నది లవీనియానే.

అతను గబగబా చివరి పేజీ తీశాడు. ఆ తాళ్ళు విసిరేవాడు ఒక శుక్రవారం రాలేదు. తర్వాతా రాలేదు. అయినా ఆ అమ్మాయి ఇంకో నాలుగు శుక్రవారాలు రేవుకు వెళ్ళింది, శుక్రవారాన్ని ఏం చేసుకోవాలో తెలియక. చివరి రెండు వాక్యాలు అతనికి నోటికి వచ్చు. “బల్ల మీద ఎవరో పక్కకు జరిగి చోటిచ్చారు. కూర్చున్నాను.”

ఎవరో. నాలుగుసార్లు చదివాడు. నాలుగుసార్లూ ఆ అమ్మాయితో పాటు సముద్రం వైపే చూశాడు. జరిగింది ఎవరని ఒక్కసారీ పక్కకు తిరిగి చూడలేదు.

ఇప్పుడు రాయాలంటే ఆ ఎవరో ముఖం చూడాలి. ఇరవై ఏడేళ్ళవాడు. కొత్తగా బడిపంతులు ఉద్యోగంలో చేరినవాడు. ఒళ్ళో దిద్దవలసిన పుస్తకాలు. నాలుగు శుక్రవారాలు గిడ్డంగి నీడలోంచి చూసి, ఆ అమ్మాయి ఊరి నుంచి ఉత్తరాల కోసం వస్తోందని తనకు తానే చెప్పుకుని, ఐదో శుక్రవారం ధైర్యం చేసి బల్ల మీద కూర్చున్నవాడు.

లోపేటి తనకు కోపం వస్తుందేమో అని చూసుకున్నాడు. రాలేదు. అలసటే వచ్చింది. నలభై రెండేళ్ళు ఒక ఇంట్లో బతికిన మనిషి గురించి ఇప్పుడు కొత్తగా తెలుసుకునే అలసట. దాని అడుగున ఇంకొకటి కూడా ఉంది. ఆమె కూర్చుంది. వేరేచోటికి వెళ్ళలేదు, తన కథను అక్కడే ఆపింది.

కూతురి మొండితనం అప్పుడు అర్థమైంది. నేను అని ఉన్నంతకాలం చూపు బయటి నుంచి పడదు. నింద బతికి ఉన్నదాని మీదే పడుతుంది. ఆమె అని రాసిన మరుక్షణం ఎవరో ఒకరు గుర్తుపడతారు. ఆ ఎవరో తండ్రే అవుతాడేమోనని ఆ పిల్ల భయం.

ఇప్పుడు ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. నిజం చెబితే కూతురి మీది మాట పోతుంది, ఆమె తల్లి మీదికి వెళ్తుంది. చెప్పకపోతే కొడుకు షెడ్డులోనే ఉంటాడు. రాసిన కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, చేపలు కడగడానికి లేచాడు.

*

గురువారం మధ్యాహ్నం సెలా వచ్చింది. లోపేటికి అక్క, డెబ్బై ఐదేళ్ళ మనిషి. మేనత్తగా ఆ ఇంటి పిల్లల విషయంలో ఆమె చెప్పిందే చివరి మాట. దానిమీద లోపేటికి కూడా నోరెత్తే హక్కు లేదు. అల్లుతున్న మొగలాకు చాపను చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, ఎండలో మైలు దూరం నడిచి వచ్చింది.

రేపే కదా పంపవలసింది, నేను విని తేలుస్తానంది. ఫిలిపెని కూడా మూడింటికి రమ్మని కబురు పెట్టానంది.

“కళ్ళజోడు తేలేదు. చదివి వినిపించు తమ్ముడూ,” అనేసి నాలుక కరుచుకుంది. “నువ్వెలా చదువుతావులే. అమ్మాయే చదువుతుంది. నువ్వు బయటికి పో.”

లోపేటి బయటికి వచ్చి సీమపనస చెట్టు కింద కూర్చున్నాడు. చిన్నప్పుడు ఒకసారి ఆరుబయట సినిమా చూస్తుండగా తెర మీద ఒకడు ఒకామె చెయ్యి పట్టుకున్నాడు. ఈ కొస నుంచి తనూ, ఆ కొస నుంచి అక్కా ఒకేసారి లేచారు. ఇద్దరూ గేటు దగ్గర ఎదురుపడి, వాన వచ్చేట్టుందని చెప్పుకుని, చెరో దారినా ఇంటికి పోయారు. ఆకాశంలో నక్షత్రాలు నిండుగా ఉన్నాయి.

లోపల లవీనియా చదువుతోంది. మాటలు అందడం లేదు. గొంతు లేచి పడడం మాత్రం తెలుస్తోంది. ఒకచోట అక్క నవ్వింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత ముక్కు చీదిన చప్పుడు.

మూడింటికి ఫిలిపె వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. తండ్రిని చూసి తల ఊపి, వెళ్ళి మెట్ల మీద, వీపు ఇంటివైపు పెట్టి కూర్చున్నాడు. సెలా లోపలి నుంచి తమ్ముణ్ణి పిలిచింది.

“బాగా రాసింది,” అంది, చాప అల్లుతూనే. “నేనే రేవులో నిలబడినట్టుంది. కాళ్ళు నొప్పెట్టాయి కూడా. ముసలిదాన్ని, నాకే అంత దగ్గరగా వచ్చిందంటే, ఆ పడవవాళ్ళ చెవులకు ఎంత దగ్గరగా వచ్చి ఉంటుంది? అదే తప్పు. కాస్త దూరంగా పెట్టండి. ఎవరో ఒకామె అని రాయండి. రేపు పంపండి. ఫిలిపె సామాను తెచ్చుకుని ఇంటికి వస్తాడు. అయిపోయింది.”

మెట్ల మీద ఫిలిపె భుజాలు కిందికి దిగాయి. వారం రోజుల బరువు దించుకున్నట్టు.

లవీనియా చాప మీదికి చూస్తూ కూర్చుంది.

“కథ తీసేస్తాను అత్తా.”

“తీసెయ్యమని నేననలేదు.”

“నేనే తీసేస్తాను.”

సెలా చేతులు ఆగాయి. మేనత్త మాటకు మారు చెప్పిన పిల్లను ఆమె ఈ ఇంట్లో ఇంతకుముందు చూడలేదు. పెరట్లో పంది ఒకటి గోడకు ఒళ్ళు రుద్దుకుంటోంది.

“నిన్న నేను రాసి చూశానమ్మా,” అన్నాడు లోపేటి.

లవీనియా తలెత్తింది.

“ఎక్కడిదాకా?”

“చివరిదాకా. బల్ల మీద ఎవరో పక్కకు జరిగేదాకా.”

ఆమె ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. అతను గొంతు తగ్గించాడు.

“ఆవేళ నా ఒళ్ళో ముప్పై రెండు పుస్తకాలున్నాయి. జరుగుతుంటే రెండు కింద పడ్డాయి. అమ్మ ఆ సంగతి చెప్పలేదనుకుంటాను.”

లవీనియా రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళు నిండాయి గానీ ఏడవలేదు. కొంతసేపటికి చేతులు దించింది.

“అమ్మే రాయమంది నాన్నా. ఎవరికీ తెలియకుండా రాయమంది. నాన్న గుర్తుపట్టేలా మాత్రం రాయొద్దంది.”

సెలా తమ్ముడి ముఖం చూసింది. మేనకోడలి ముఖం చూసింది. ఇక రాబోయే మాటలు తను ఉండగా తమ్ముడి నోట రాకూడనివని ఆమెకు అర్థమైపోయింది. చాప చుట్టచుట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. వాన వచ్చేట్టుందని ఎవరితోనో అన్నట్టు అని, వంటపాక వైపు వెళ్ళిపోయింది.

“ఎవరి ఒళ్ళో పుస్తకాలు?” మెట్ల మీది నుంచి ఫిలిపె అడిగాడు. వారం రోజుల్లో ఆ ఇంటివైపు అతను అన్న మొదటి మాట అది.

లవీనియా కాగితాలు దొంతిగా సర్ది తండ్రి మోకాలి పక్కన పెట్టింది. చెప్పొద్దు అన్నట్టు ఒకసారి తల అడ్డంగా ఊపింది. తర్వాత, ఈ మాటల మధ్య తను ఉంటే అన్న లోపలికి రాలేడు కనక, పెరటి గుమ్మంలోంచి బయటికి నడిచింది.

ఫిలిపె చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. తండ్రికి ఎదురుగా, కాగితాలకు ఇవతల, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“అది చెల్లి కాదు కదూ?”

“కాదురా.”

“ఒట్టు?”

“ఒట్టు.”

కొడుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోచేత్తో తుడుచుకున్నాడు. ఇక్కడితో ఆగితే ఎంత బాగుండునని లోపేటి అనుకున్నాడు.

“మరి ఎవరు నాన్నా?”

గాలికి పై కాగితం లేచి పడింది. లోపేటి దానిమీద అరచెయ్యి పెట్టాడు. ఎవరి వైపు నుంచి ఎత్తుకున్నా ఎవరికో ఒకరికి తగులుతుంది. ఎవరికీ తగలకుండా చెప్పగల చోటు ఒక్కటే కనిపించింది, ఆ బల్ల మీద తను కూర్చున్న చోటు.

“ఆవేళ నేను బడికి రావలసిన సుద్దముక్కల పెట్టె కోసం రేవుకు వెళ్ళాను,” అని మొదలుపెట్టాడు. “నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు.”

ఫిలిపె కనుబొమలు ముడిచి, తండ్రి ముఖంలోకి చూశాడు.

“నేనడిగింది మీ గురించి కాదు నాన్నా.”